పొగ, పోగు

తర్కశాస్త్రంలో అడుగుపెట్టిన విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యేది పొగ. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇవాళ్టికీ సంస్కృత పాఠశాలల్లో తర్కానికి తొలి పుస్తకం. కంటికి కనబడని దాన్ని కనబడే గుర్తుతో ఎలా తేల్చుకోవాలో చెప్పడానికి ఆయన పాత నైయాయికుల ఉదాహరణనే తీసుకున్నాడు. కొండ మీద పొగ లేస్తోంది, కాబట్టి అక్కడ నిప్పుంది. వంటింట్లో పొగా నిప్పూ కలిసి ఉండడం అందరూ చూసిందే. నిప్పు లేని చెరువులో పొగ లేవదు. కొండ, వంటిల్లు, చెరువు. ఈ మూడింటితో పాఠం నిలబడుతుంది.

హైదరాబాద్ ఉత్తరపు అంచున ఈ మూడూ దగ్గర దగ్గరలోనే ఉన్నాయి. తూర్పు దిక్కున కీసరగుట్ట. రాజీవ్ రహదారి వెంట శామీర్‌పేట పెద్ద చెరువు. వంటిల్లు మాత్రం కొంతకాలంగా గోడ దాటి పెరట్లోకి వచ్చింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మేడ్చల్, శామీర్‌పేటల మీదుగా చుట్టు తిరిగాక ఇక్కడి మక్కచేలు, ద్రాక్షతోటలు ప్లాట్లయ్యాయి. ప్లాట్లు విల్లాలూ ఫామ్‌హౌస్‌లూ అయ్యాయి. శని, ఆదివారాల్లో ఆ ప్రహరీల వెనక లేచే పొగకు బార్బెక్యూ అన్న కొత్త పేరు వచ్చింది. బొగ్గుల మీద సీకులు తిప్పే చిన్న గ్రిల్‌తో మొదలైన ముచ్చట కొన్ని ఇళ్లలో ఆఫ్‌సెట్ స్మోకర్ దాకా వచ్చింది.

ఏ స్మోకర్ కొనాలన్నది పైకి బజారు ప్రశ్న. ఎంత మందం, ఎంత పొడవు, ఎంత ధర. కానీ నిప్పు రాజేసి ఒక ప్రాణి మాంసాన్ని దానికి అప్పగించే పని మనిషి చేసే పనుల్లో అతి పాతది. ఆ పని చుట్టూ ప్రతి మతమూ ఏదో ఒక నియమం పెట్టుకుంది. ఈ నిప్పు ఎవరి కోసం? వండింది ఎవరికి చేరుతుంది? పొగ ఎవరి మీదికి పోతుంది? ఈ మూడింటికీ జవాబు తేల్చుకోకుండా ఇనుము మందం తేల్చుకుంటే సగం పనే అయినట్టు.

ముందు ఆ పరికరం సంగతి చూడాలి, ఎందుకంటే ప్రశ్న దాని కట్టుబడిలోనే ఉంది. అడ్డంగా పడుకోబెట్టిన పెద్ద ఇనుప గొట్టం వంట జరిగే గది. దాని ఒక చివర, కాస్త దిగువన, చిన్న నిప్పుపెట్టె. రెండో చివర పొగగొట్టం. కట్టెలు నిప్పుపెట్టెలో కాలతాయి. పొగగొట్టం లాగే గాలికి వేడీ పొగా అడ్డంగా సాగి, మాంసాన్ని తాకి, బయటికి పోతాయి. మాంసం మంటను చూడదు. 110 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఐదారు గంటలు, పెద్ద ముక్కయితే పది పన్నెండు గంటలు అలా ఉంచితే కండల మధ్యనున్న గట్టి కొల్లాజెన్ కరిగి జెలటిన్ అవుతుంది. ముదురు మాంసం వేళ్లతో విడదీసేంత మెత్తబడుతుంది.

మధ్యలో ఒక గడ్డు దశ వస్తుంది. ముక్క లోపలి వేడి 65, 70 డిగ్రీల దగ్గర ఆగి గంటల తరబడి కదలదు. పైకి ఊరిన తడి ఆవిరవుతూ, చెమట ఒంటిని చల్లార్చినట్టు మాంసాన్ని చల్లారుస్తుంది. కొత్తవాళ్లు కంగారుపడి కట్టెలు కుక్కేది అప్పుడే, వంట చెడేదీ అప్పుడే. ఓపికగా కూర్చుని, నలభై నిమిషాలకో గంటకో ఒక చెక్క వేస్తూ, గాలి తలుపును వేలెడు మేర తెరుస్తూ మూస్తూ ఉండడమే ఆ వేళ చేయాల్సిన పని. రోజంతా ఒక నిప్పును చూసుకుంటూ గడపడం ఈ కాలంలో అరుదైపోయింది. దీన్ని మెచ్చుకోవాల్సిందే.

ఈ యంత్రం పుట్టిల్లు టెక్సాస్. చమురు బావుల దగ్గర మిగిలిన మందపాటి పైపులను కోసి అక్కడి వెల్డర్లు దీనికి ఈ రూపు తెచ్చారు. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పక్కింటి పెరట్లో కనబడే వస్తువు. బార్బెక్యూ అన్న మాట ఇంకా పాతది. కరీబియన్ దీవుల టైనో జనం చేపలనూ మాంసాన్నీ ఆరబెట్టి కాల్చుకునే కర్రల పందిరికి పెట్టుకున్న పేరు స్పానిష్ వాళ్ల నోట బార్బకోవా అయి, అక్కడి నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. నిజానికి హైదరాబాద్‌కు నెమ్మదిగా సాగే కట్టెల వంట కొత్తేమీ కాదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం భట్టీ మీద రాత్రంతా ఉడికేదే. బార్కస్ మండీ, నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల సంతతి ఉండే పేటలో దొరికే యెమెన్ వంట. పల్లెల్లో పొయ్యి పైన దండెం కట్టి ఆరబెట్టిన తునకలకు పొగే ఉప్పు తర్వాతి రక్షణ.

ఇక కొనే సంగతి. ఇనుప పలక చదరపు మీటరుకు, మిల్లీమీటరు మందానికి దాదాపు 7.85 కిలోలు తూగుతుంది. అర మీటరు వ్యాసం, మీటరు పొడవు ఉన్న గది ఒక్కటే 6 మిల్లీమీటర్ల పలకతో చేస్తే 90 కిలోలు దాటుతుంది. 2 మిల్లీమీటర్ల షీటుతో చేస్తే 30 కిలోలే. పల్చటి దాన్ని ఇద్దరు మనుషులు ఎత్తి పెట్టొచ్చు గానీ, గాలి వీచినప్పుడల్లా దాని వేడి పడిపోతుంది. మళ్లీ వేడెక్కించడానికి మళ్లీ కట్టెలు, మళ్లీ పొగ. మందపాటి ఇనుము ఒకసారి కాగితే వేడిని పట్టుకుని ఉంటుంది, తక్కువ కట్టెతో నిలకడగా నడుస్తుంది. కాబట్టి చిన్నదైనా మందంగా ఉన్నదే మంచిది. పొగను చివరిదాకా తీసుకెళ్లి వెనక్కి తిప్పే రివర్స్ ఫ్లో రకం వేడిని సమంగా పంచుతుంది, కాని నాలుగైదు కిలోల పొట్టేలు మాంసానికి అంత హంగు అక్కర్లేదు. తలుపులు గట్టిగా పడాలి, సందుల్లోంచి పొగ కారకూడదు. ఇంతే.

ఇంకో రెండు జాగ్రత్తలు ప్రాణం మీదికి వచ్చేవి. జింకు పూత ఉన్న షీటు నిప్పు తగిలితే విషపు పొగ వదులుతుంది, దాన్ని వాడకూడదు. జీడిమెట్ల, మేడ్చల్ వైపు తుక్కు దుకాణాల్లో చవగ్గా దొరికే డ్రమ్ముల్లో అంతకు ముందు ఏ రసాయనం ఉండేదో అమ్మేవాడికీ తెలియదు. అలాంటి డ్రమ్మును కోసి పొయ్యి చేసి పిల్లలకు అందులో వండి పెట్టడం తప్పు.

కట్టె విషయంలో ఈ నేల అదృష్టమైనది. మామిడి, జామ, చింత, నల్లతుమ్మ అన్నీ దొరుకుతాయి. టెక్సాస్‌లో బార్బెక్యూకు పేరుపడ్డ మెస్కీట్ చెట్టు, చెరువు గట్ల మీద ముళ్లకంపగా పెరిగే సర్కారు తుమ్మకు దగ్గర చుట్టం. సర్కారు తుమ్మను 1877లో కడప జిల్లాలో నాటారు, అక్కడి నుంచి దక్షిణాన అంతటా పాకింది. దాని పొగ ఘాటుగా ఉంటుంది, అందుకే కొంచెమే వాడి, మిగతాది మామిడో జామో వేయడం మేలు. గన్నేరు కట్టె విషం. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు వంటకు పనికిరావు.

ఇక్కడ అన్నంభట్టు మళ్లీ అవసరమవుతాడు. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, సరే. నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఉండదంటారు నైయాయికులు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. తడి కట్టె కలిసినప్పుడే నిప్పుకు పొగ పుడుతుంది. ఈ పైనుంచి వచ్చి చేరే షరతుకు వాళ్లు ఉపాధి అని పేరు పెట్టారు. స్మోకర్ నడిపేవాళ్ల అనుభవం అచ్చంగా ఇదే చెబుతుంది. పచ్చి కట్టె వేస్తే తెల్లటి చిక్కని పొగ వచ్చి మాంసం చేదెక్కుతుంది. తేమ ఇరవై శాతం దాకా ఆరిన కట్టెకు గాలి బాగా ఆడితే కనీ కనబడని నీలిపొగ వస్తుంది, రుచినిచ్చేది అదే. శ్రావణంలో వానకు తడిసిన మోపు తెచ్చి అంటిస్తే చుట్టుపక్కల వీధులన్నీ దగ్గుతాయి.

భగవద్గీత చివరి అధ్యాయంలో ఒక మాట ఉంది. నిప్పును పొగ కమ్మినట్టు ప్రతి పనినీ ఏదో ఒక దోషం కమ్మే ఉంటుంది, అంతమాత్రాన తన పనిని వదలకూడదని దాని భావం. లోకంలో ఈ మాటను తప్పించుకునే దారిగా వాడుకోవడం ఎక్కువైంది. ఎలాగూ దోషం తప్పదు కదా, ఇక ఎంచడం ఎందుకని. నైయాయికుల మాటను దాని పక్కన పెట్టి చదివితే ఆ దారి మూసుకుపోతుంది. పొగ పూర్తిగా తప్పకపోవచ్చు. ఎంత పొగ అన్నది మాత్రం వేసిన కట్టెను బట్టి ఉంటుంది. కట్టె ఏరుకున్నది మనిషే కాబట్టి ఆ మేరకు లెక్క చెప్పవలసిందీ మనిషే.

ఆదివారం పూట నలుగురు స్నేహితులతో నాలుగు ముక్కలు తినడానికి ఇంత వేదాంతం కావాలా అని అడగొచ్చు. శామీర్‌పేటలో ఈ ప్రశ్నకు జవాబు పుస్తకాల్లో వెతకనక్కర్లేదు, చెరువు వైపు చూస్తే చాలు. తెలంగాణలో చెరువు కట్ట ఉన్నచోట కట్టను కాచే మైసమ్మ ఉంటుంది. శామీర్‌పేట కట్ట మైసమ్మ దగ్గరికి మొక్కు తీర్చుకోవడానికి కుటుంబాలు వస్తాయి. బోనం వండుతారు, పసుపు, వేపాకు కలిపిన సాక పోస్తారు, మూడు రాళ్ల మీద గిన్నె పెట్టి వండుకుంటారు. ఆ పొయ్యికి పేరున్న కంపెనీ లేదు, థర్మామీటరు లేదు. కానీ ఆ పొయ్యి రాజుకోకముందే కొన్ని సంగతులు తేలిపోయి ఉంటాయి. యాట ఎవరి పేరున వచ్చిందో, ఎవరు తెచ్చారో, ఎవరెవరు తింటారో.

2014 నాటి కేంద్ర నమూనా సర్వే లెక్కల్లో తెలంగాణలో మాంసాహారులు 98 శాతానికి పైనే. మాంసం తినాలా వద్దా అన్నది ఇక్కడ చాలామందికి ఎదురయ్యే ప్రశ్న కాదు. ఎలా తినాలన్నదే ఇక్కడి ధర్మసందేహం. దానికి పల్లె తయారుచేసుకున్న జవాబు పోగు. దసరాకో, ఊరి పండగకో నాలుగైదు ఇళ్లవాళ్లు కలిసి ఒక పొట్టేలును తెస్తారు. కోశాక మాంసాన్ని పరిచి సమంగా పోగులు వేస్తారు. ప్రతి పోగులోనూ ఎముక ఉండాలి, కండ ఉండాలి, కాస్త కార్జం ఉండాలి, కొవ్వు ఉండాలి. మంచి ముక్కలన్నీ ఒకే పోగులో పడితే అక్కడే మాటొస్తుంది, చేత్తో సర్దుతారు. తూకం రాయి లేని న్యాయం అది.

ఆ పొట్టేలు వచ్చే దారి కూడా తెలిసిందే. 2019 పశుగణనలో 1 కోటీ 90 లక్షల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో ఉంది. గొల్ల కురుమలకు 75 శాతం రాయితీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చే పథకం 2017 జూన్‌లో మొదలైన కొండపాక ఇదే రాజీవ్ రహదారి మీద ఉంది. వాళ్ల ఇలవేల్పు కొమురవెల్లి మల్లన్న గుడికీ దారి ఇటే. ఒగ్గు కథల్లో గొర్రెకూ దేవుడికీ కాపరికీ విడదీయరాని బంధం ఉంది. ఎండల్లో దాన్ని మేపిన మనిషి ఉన్నాడు. ఆ మనిషికీ పెరట్లో స్మోకర్ మూత ఎత్తే మనిషికీ మధ్య ఇప్పుడు సంత ఉంది, వధశాల ఉంది, చిల్లర దుకాణం ఉంది, నల్లటి పాలిథిన్ కవరు ఉంది.

రాన్ (తొడ) కావాలా, సీనా (రొమ్ము) కావాలా అని దుకాణంలో అడుగుతారు. ఏ ఊరి మంద అని ఎవరూ అడగరు. ఆఫ్‌సెట్ అన్న మాటకు పక్కకు జరిపినది అని అర్థం. నిప్పును మాంసానికి దూరంగా జరపడం వంటకు మేలు చేసింది. చావును తినేవాడికి దూరంగా జరపడం మేలు చేసిందా?

ఈ దూరం గురించి మహాభారతం పెద్ద కథే చెప్పింది. తెలుగులో అరణ్యపర్వ శేషాన్ని పూరించిన ఎర్రన చేతిలో పడిన ధర్మవ్యాధుడి కథ అది. చూపుతో కొంగను కాల్చిన కౌశికుడనే బ్రాహ్మణుడు, ఒక గృహిణి చేత మాట పడి, ధర్మం నేర్చుకోవడానికి మిథిలలో ఒక మాంసం దుకాణానికి వెళతాడు. అక్కడ లేడి మాంసం, దున్న మాంసం అమ్ముతున్న మనిషి అతనికి గురువవుతాడు. తాను స్వయంగా చంపనని, ఇతరులు చంపినది అమ్ముతానని, తాను తిననని ఆ వ్యాధుడు చెబుతాడు. అక్కడితో ఆగడు. నాగలి దున్నితే నేలలో ఎన్ని ప్రాణులు పోతాయో, నడిస్తే కాలి కింద ఎన్ని పోతాయో లెక్క చెబుతాడు. హింస అంటని బతుకు ఎవరిదీ కాదని తేలుస్తాడు.

ఈ కథలో బలం ఎక్కడుందంటే, ధర్మం చెప్పినవాడు దుకాణం కట్టేసి అడవికి పోలేదు. కౌశికుణ్ణి ఇంటికి తీసుకెళ్లి, తాను సేవ చేస్తున్న ముసలి తల్లిదండ్రులను చూపించాడు. చేతికి అంటిన నెత్తురు అతనికి తెలుసు. దాన్ని దాచలేదు, దానికి గొప్ప పేర్లూ పెట్టలేదు. దుకాణంలో కవరు పట్టుకుని నిలబడిన కొనుగోలుదారుకు ఆ ఎరుక ఉందా అన్నదే ప్రశ్న. ఒక్కసారైనా పిల్లలకు గొర్రెల మందను చూపించి, ఆదివారం కంచంలోకి వచ్చేది ఇదేనని చెప్పగలిగిన ఇల్లు తినే హక్కులో కొంత సంపాదించుకున్నట్టే.

జైనులు ఈ మాటను ఒప్పుకోరు. నిప్పే ఒక ప్రాణి అని, అగ్నికాయ జీవులున్నాయని, రాజేయడం ఆర్పడం రెండూ హింసేనని వాళ్ల శాస్త్రం. వాళ్ల ముందు మాంసం తినేవాళ్ల వాదనలన్నీ కాస్త తలొంచుకునే ఉండాలి. చట్టం కూడా ఈ సందిగ్ధాన్ని మోస్తూనే ఉంది. గుడి ఆవరణల్లో జంతుబలిని నిషేధించే చట్టం 1950 నాటిది. పదేళ్ల తర్వాత, 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టం తన 28వ సెక్షనులో, ఒక సమాజపు మతం కోరిన పద్ధతిలో జంతువును చంపడం నేరం కాదంది. రెండూ ఇప్పటికీ పుస్తకాల్లో ఉన్నాయి.

ఇన్ని వాదాల మధ్య శ్రీకాళహస్తి కొండ మీద ఒక బోయవాడు నిలబడి ఉన్నాడు. తెలుగు సాహిత్యంలో మాంసం కాల్చిన చేతుల్లో ఇంత గౌరవం పొందినవి మరో రెండు లేవు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కన్నప్పగా, ధూర్జటి కావ్యంలో తిన్నడుగా, 1976లో బాపు తీసిన సినిమాలో కృష్ణంరాజుగా అతన్ని తెలుగువాళ్లు ఎరుగుదురు. వేటాడిన మాంసాన్ని నిప్పు మీద కాల్చి, ముక్క ముక్కా నోట పెట్టి చూసి, బాగా కాలిన మెత్తటి ముక్కలు ఏరి ఆకుదొప్పలో శివుడికి తెచ్చాడు. నైవేద్యాన్ని ముందుగా రుచి చూడకూడదన్నది గుడి నియమం. ఎంగిలి దేవుడికి పనికిరాదు. ఆ ఎంగిలే కొత్త నైవేద్యమైందని ఆదిశంకరుల పేర ఉన్న శివానందలహరి కూడా ఒప్పుకుంది.

సినిమాల్లో కళ్లు పెకలించి ఇచ్చిన ఘట్టమే గుర్తుంటుంది. అసలు విప్లవం అంతకు ముందే, ఆ రుచి చూడడంలోనే జరిగిపోయింది. తిన్నడు నాలుక మీద పెట్టుకున్న ముక్క తన ఆకలికి కాదు. చేదుగా ఉన్నది, సరిగా కాలనిది, గట్టిగా ఉన్నది ఎదుటివాడి నోట పడకూడదని. బాగున్నది దేవుడి కోసం పక్కన పెట్టాడు. రుచిని అంత శ్రద్ధగా పట్టించుకోవడం భోగం అనుకునేవాళ్లకు ఇది జవాబు. ఆరు గంటలు నిప్పు దగ్గర కూర్చుని, ముక్కను గుచ్చి చూసి, ఇంకో అరగంట అని మూత వేసే మనిషి చేస్తున్న పని అదే కావచ్చు, కాకపోవచ్చు. మొదటి ముక్క ఎవరి కంచంలో పడుతుందో చూస్తే తెలుస్తుంది.

పొగ గురించి ఒక మాట చెప్పకుండా ఈ విషయం ముగించడం అన్యాయం. ఇవాళ డబ్బు పెట్టి కొనుక్కుంటున్న పొగను తెలుగు ఆడవాళ్లు తరాల పాటు ఊరికే పీల్చారు. ఊదుగొట్టం పట్టుకుని, పచ్చి కంప అంటుకోక, కళ్లు కొంగుతో తుడుచుకుంటూ వండారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, దేశమంతటికీ 2016 మే 1న మొదలైన ఉజ్జ్వల పథకం, వాళ్లను ఆ పొగలోంచి బయటికి తేవడానికే వచ్చాయి. గ్యాసు బండ ఇంటికి వచ్చిన రోజు ఎందరో తల్లులకు పండగ. అదే ఇంటి కొడుకు ఇప్పుడు పెరట్లో కట్టెల పొయ్యి పెట్టి, అది తన అభిరుచి అని చెబుతున్నాడు.

ఇందులో అతని తప్పేమీ లేదు. ఇష్టపడి పీల్చే పొగ వేరు, గత్యంతరం లేక పీల్చే పొగ వేరు. కానీ ఆ తేడాను మరిచిపోతే మాత్రం తప్పే. మగవాళ్లు నిప్పు దగ్గర నిలబడి మెప్పు పొందుతూ, ఉల్లిపాయలు కోయడం, మసాలా నూరడం, రాత్రి జిడ్డు పళ్లాలు తోమడం ఆడవాళ్లకూ పనిమనిషికీ వదిలేస్తే, పొయ్యి పెరట్లోకి వచ్చిందే గానీ పంపకం పాతదే. స్మోకర్ కొన్నవాడే దాని జాలీలు గీకాలి, బూడిద ఎత్తాలి, గిన్నెలు కడగాలి. ఇది మర్యాద స్థాయి దాటిన సంగతి. ఆ నిప్పు ఎవరి కోసమన్న ప్రశ్నకు జవాబులో ఇది ముందు వరుసలో ఉంటుంది.

గ్రీకుల పాతకవి హీసియడ్ ఒక పంపకం కథ చెప్పాడు. ప్రొమీథియస్ ఎద్దును రెండు వాటాలు వేసి, ఎముకలను తెల్లటి కొవ్వుతో, మాంసాన్ని పొట్టతోలుతో కప్పి దేవతల రాజు ముందు పెట్టాడు. రాజు కొవ్వు వైపు కోరుకున్నాడు. అప్పటి నుంచి దేవతలకు ఎముకలు కాలిన పొగ, మనుషులకు మాంసం. వైదిక యజ్ఞంలోనూ దేవతలకు హవిస్సును మోసుకెళ్లేది అగ్నే. అన్ని చోట్లా పొగ ఒకరి వాటాకు వెళ్లేదే. కాలనీ పెరట్లో ఆ వాటా పక్కింటికి వెళుతుంది. ఆరేసిన బట్టలకు, కిటికీ పక్కన నిద్రపోయే పసివాడికి, ఉబ్బసంతో మంచం పట్టిన పెద్దాయనకు. చలికాలం సాయంత్రాల్లో ఇక్కడి పొగ పైకి లేవదు, నేలబారుగా పరుచుకుంటుంది.

కాబట్టి ఈ ప్రాంతంలో స్మోకర్ పెట్టుకునేవాళ్లకు పల్లె పద్ధతే సరైనది. పొగ చేరినంత మేర పోగు చేరాలి. పోగు పుచ్చుకోలేనివాళ్ల ఇంటి మీదికి పొగ కూడా వెళ్లకూడదు. పక్కింటివాళ్లు మాంసం ముట్టనివాళ్లయితే గాలి ఎటు వీస్తోందో చూసుకోవాలి, పొయ్యి చోటు మార్చుకోవాలి, కార్తీకమాసంలో మానుకోవాలి. మాంసం ఎక్కించక ముందే, శుభ్రమైన నిప్పు మీద నాలుగు వంకాయలు, రెండు గెనుసుగడ్డలు కాల్చి పంపొచ్చు. కాల్చిన వంకాయ పచ్చడి రుచి తెలియని తెలుగిల్లు ఉండదు. పొగ రుచి అంటే అందరికీ ఇష్టమే, పొగ అంటే ఎవరికీ ఇష్టం లేదు.

బక్రీదు ఖుర్బానీ మాంసాన్ని మూడు భాగాలు చేయడం ముస్లిం ఇళ్లలో ఆనవాయితీ. ఇంటికొకటి, చుట్టాలకూ స్నేహితులకూ ఒకటి, పేదలకొకటి. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 19వ శతాబ్దపు బార్బెక్యూలు చర్చి ఆవరణల్లో, ఎన్నికల సభల్లో వందల మందికి జరిగేవి. నిప్పుల గుంట దగ్గర రాత్రంతా కాపలా ఉండి వండినవాళ్లు ఎక్కువగా నల్లజాతి బానిసలు, ఆ తర్వాత వాళ్ల సంతతి. ఒక్క కుటుంబానికి ఒక పెద్ద పొయ్యి అన్నది ఈ మధ్య వచ్చిన ఏర్పాటు. ఒంటరిగా తినేవాడు పాపాన్నే తింటాడన్న భావం రుగ్వేదం పదో మండలంలోనూ ఉంది, గీత మూడో అధ్యాయంలోనూ ఉంది.

పరిమాణం తేల్చేటప్పుడు ఇదంతా ఇనుములోకి దిగుతుంది. నలుగురి ఇంటికి మీటరున్నర పొడవు స్మోకర్ కొంటే సగం జాలీ ఖాళీగా ఉండగానే పది కిలోలకు పైగా కట్టె కాలిపోతుంది. కాలనీలో మూడు నాలుగు ఇళ్లు కలిసి ఒక మందపాటి స్మోకర్ తీసుకుని, అందరికీ అందుబాటులో, ఎవరి కిటికీకీ ఎదురుగా లేని చోట పెట్టుకుంటే ఖర్చూ పొగా రెండూ తగ్గుతాయి. ఆ వారం ఎవరు నిప్పు చూసుకోవాలో వంతులు వేసుకోవచ్చు. అది కుదరనివాళ్లు చిన్నదే తీసుకోవాలి. ఎవరినీ పిలవని ఇంటికి కుంపటి చాలు.

ఇంకొక్క మాట. ఈ కాలనీల గేట్ల దగ్గర రాత్రింబవళ్లు కాపలా కాసే మనిషి ఉంటాడు. పెరట్లో వంట జరిగిన ఆరు గంటలూ ఆ పొగ అతని మీదుగానే పోతుంది. మాంసం దించాక మొదటి కంచం అతనికి పంపండి. శనివారం తిననంటే, ఆదివారానికి తీసిపెట్టి, వేడి చేసి ఇవ్వండి.